తోక కత్తిరించిన పాట

మైకు కుయ్యిమని అరిచింది. మామూలు అరుపు కాదు. చర్చిలో ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు చెవులు మూసుకుని "ప్రభువా!" అనేంత అరుపు. సరిగ్గా అప్పుడే షారోన్ పాట పై స్వరానికి ఎక్కుతోంది.

పాట ఆగిపోయింది. షారోన్ తల తిప్పి, వెనకాల మూలన సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్న వెస్లీని ఒక చూపు చూసింది. ఆ చూపుకు మిక్సర్ కాలిపోవలసింది. ఎందుకో కాలలేదు.

ఆరాధన అయ్యాక మెట్ల మీదే పట్టుకుంది.

"ఏంది బ్రదర్, నా పాట మీద ఏమన్న పగనా?"

"మీరే మైకు పట్టుకొని స్పీకర్ ముందటికి పోయిండ్రు సిస్టర్. గట్ల పోతే అది మొత్తుకుంటది."

"అంటే తప్పు నాదా?"

"అయ్యో, మీది కాదు. స్పీకర్‌ది. మీరు గొంతెత్తేసరికి దానికి బుగులు పుట్టింది పాపం."

నవ్వకూడదనే అనుకుంది షారోన్. పెదవి మూల మాట వినలేదు, కొంచెం వంగింది. అంతే, వెస్లీ పని అక్కడితో అయిపోయింది.

సంతోష్‌నగర్‌లోని ఆ చిన్న చర్చిలో మగపిల్లలంతా బ్రదర్లు, ఆడపిల్లలంతా సిస్టర్లు. ఎప్పటి నుంచో వస్తున్న మర్యాద. మంచి మర్యాదే, కాదనేవాళ్ళెవరు? కానీ ప్రేమలో పడ్డవాడికి అంతకంటే ఎత్తయిన గోడ ఇంకొకటి ఉండదు. నెలలు గడిచేకొద్దీ షారోన్ "మీరు" కాస్తా "నువ్వు" అయింది గానీ, "బ్రదర్" మాత్రం ఇంచు కదల్లేదు. "బ్రదర్, సౌండ్ జర పెంచు." "బ్రదర్, చాయ్ తాగినవా?" "బ్రదర్, నీ షర్ట్ ఉల్టా తొడిగినవ్."

"నాకొక పేరుంది, తెల్సా?" అన్నాడు ఒక శనివారం, ప్రాక్టీసు అయ్యాక వైర్లు చుడుతూ.

"తెల్సు బ్రదర్."

"ఒక్కసారి పేరు పెట్టి పిలువరాదు?"

"పిలుస్త. టైమ్ రానీ."

"ఎప్పుడొస్తది టైము?"

"నీ మైకు మొత్తుకునుడు బంద్ జేసిన్నాడు."

ఆ గొంతులో తన పేరు వినాలి. వెస్లీ కోరిక అంతే. ఆ తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదు అనుకునేవాడు. ఇరవై ఆరేళ్ళ వయసులో చావు గురించి అంత తేలిగ్గానే అనిపిస్తుంది మరి.

వెస్లీకి శాలిబండలో, కింద వెల్డింగ్ దుకాణం ఉన్న తమ ఇంట్లో, పై గది ఉంది. అదే అతని స్టూడియో. బోనాల పాటలు, గణేశ్ మండపాల పాటలు, బడి వార్షికోత్సవాల పాటలు అన్నీ అక్కడే రికార్డ్ చేసేవాడు. "ఈ డబ్బాలను చూసి పిల్లనెవడిస్తడు రా?" అని తండ్రి భిక్షపతి రోజూ ఒకసారి అడిగేవాడు. బస్సు డ్రైవర్‌గా రిటైరయిన మనిషి, ఇంటినీ బస్సులాగే నడపాలని చూసేవాడు.

జూన్‌లో తొలి వాన పడిన మధ్యాహ్నం షారోన్ ఆ మెట్లెక్కి వచ్చింది. తడిసిన చున్నీ పిండుకుంటూ గోడల వైపు చూసింది. గోడల నిండా బొంతలు, బొంతలు చాలని చోట గుడ్ల అట్టలు.

"ఇదేంది బ్రదర్, కోళ్ళ ఫారమా?"

"సప్పుడు తిరగబడకుండ పెట్టిన సిస్టర్. కూసో. ఏంది, గింత వానల?"

ఆమె కూర్చోలేదు. "నా గొంతు రికార్డ్ చెయ్యాలె. మంచిగ. ఎంత జల్దీ అయితే గంత జల్దీ."

ఎందుకని అడగలేదు వెస్లీ. అడిగితే వెళ్ళిపోతుందేమోనని భయం. పాత మిక్సర్‌కు మైకు తగిలించి రెండు లైన్లు పాడించి, వినిపించాడు.

షారోన్ హెడ్‌ఫోన్స్ తీసేసి ముఖం చిట్లించింది. "నేను పాడుతుంటే నా ఎనకాల ఎవరో ఉల్లిగడ్డలు ఏయిస్తుండ్రు."

నిజమే. పాట వెనకాల సర్రుమని ఒకటే మోత.

"అది మిక్సర్ పని. దీనికి మంచి ప్రీయాంప్ కావాలె," అన్నాడు వెస్లీ. "మైకులకెళ్ళి వచ్చే సప్పుడు చీమంత ఉంటది. దాన్ని పెద్దగ జేసే డబ్బా అది. డబ్బా మంచిది కాకుంటే, చీమతోని పాటు దాని సుట్టున్న దుమ్ము గూడ పెద్దగైతది. నువ్విన్న ఉల్లిగడ్డలు గవే."

"అయితే మంచి డబ్బా కొందాం పా."

"కొందాం పా అంటే? అది కూరగాయనా?"

"కూరగాయ అయితే నేనే తెచ్చుకుంటుంటి. నాకు డబ్బాలు తెల్వదనే గద నిన్ను అడిగేది."

కోఠిలో సీతారాం సేఠ్ దుకాణం. తాతల కాలం నాడు గ్రామఫోన్లు అమ్మిన దుకాణం అది. సేఠ్ రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకదానిలో చిన్న బల్బులాంటి ట్యూబు నారింజ రంగులో వెలుగుతోంది. రెండోది నల్లగా, సాదాగా, టిఫిన్ బాక్సులా ఉంది. ముందు భాగాన ఒక్కటే పెద్ద నాబ్. వెస్లీ ఏడాదిగా కలలు కంటున్నది ఆ ట్యూబు డబ్బా గురించి.

"మాట్లాడు బేటీ, రెండిట్ల విను," అన్నాడు సేఠ్.

షారోన్ మొదటి దానిలో నాలుగు మాటలు మాట్లాడి, విన్నది. గొంతుకు తేనె రాసినట్టు వినబడింది. వెస్లీ కళ్ళు మూసుకున్నాడు.

"ఇదెవరు?" అంది షారోన్.

"నువ్వే!"

"నేను గింత మంచిగ లేను." రెండోది విన్నది. ఈసారి ముఖం విప్పారింది. "ఆఁ, ఇది నేనే. పొద్దుగాల లేస్తే మమ్మీ మీద లొల్లి జేసేటిది."

"సిస్టర్, జర ఆలోచించు. ఇది మరీ సాదాగుంటది. మొదటి దాంట్ల పాడితే వినేటోళ్ళు పడిపోతరు."

"నా గొంతుకు పౌడర్ పుయ్యకు బ్రదర్. ఉన్నదున్నట్టు కావాలె."

సేఠ్ తలూపాడు. "సహీ బోల్ రహీ బచ్చీ, నిజం మాట. ఈ నల్ల డబ్బా ఏదీ దాయదు వెస్లీ భాయ్. ఊపిరి గూడ పట్టుకుంటది."

ఏడాది కలను బల్ల మీదే వదిలేసి, టిఫిన్ బాక్సును చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు వెస్లీ. లోపల కొంచెం ఉక్రోషంగానే ఉంది. ఇరానీ హోటల్లో కూర్చున్నాక అడిగేశాడు.

"గంత మంచిగ వచ్చేదాన్ని ఎందుకొద్దన్నవ్?"

షారోన్ చున్నీ కొంచెం పక్కకు జరిపి, గొంతు మీద వేలు పెట్టింది. "ఈడ గడ్డ ఉన్నది బ్రదర్. థైరాయిడ్ గడ్డ. వచ్చే నెల ఆపరేషన్. గొంతు నరానికి అంటుకొని ఉన్నదంట. తీసినంక ఈ గొంతు ఉంటదో పోతదో ముందుగాల చెప్పలేమన్నరు డాక్టర్."

వెస్లీ ఎత్తిన కప్పును సాసర్‌లో పెట్టేశాడు.

"చర్చిల ఎవ్వరికి చెప్పలే. మమ్మీకి ఒక్కదానికే తెల్సు. రేపు నా గొంతు పోతే, మమ్మీ వినాలంటే నాదే ఉండాలె గద. తేనె రాసుకున్న ఆమెది ఎందుకు?" అంది షారోన్. నవ్వబోయింది, రాలేదు.

నువ్వంటే నాకు ప్రాణం, నీకేమీ కాదు అని అక్కడే చెప్పాలనిపించింది వెస్లీకి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం ప్రీయాంపే.

"ఫికర్ చెయ్యకు. పక్కింటి పిల్లి నడిసినా వినవడేటట్టు పట్టుకుంటది ఈ డబ్బా."

"నిజంగనా? మస్తు చిన్నగ మాట్లాడినా?"

"గుసగుస వెట్టినా పట్టుకుంటది."

షారోన్ ఆ డబ్బా వైపు కాసేపు చూసింది. తర్వాత చాయ్ తాగింది.

శాలిబండలో శుక్రవారం కింది వెల్డింగ్ దుకాణం బంద్ ఉంటుంది. అందుకని శుక్రవారమే పెట్టుకున్నారు. షారోన్ వచ్చేసరికి వాన. రేకుల మీద టపటపా కొడుతుంటే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎదురుచూశారు.

"వానను జర సౌండ్ తగ్గించుమను బ్రదర్."

"దానికి నాబ్ లేదు సిస్టర్."

వాన తగ్గాక మొదలుపెట్టారు. ముందు పాటలు కాదు, మాటలు. "మమ్మీ, తాళంచెవి ఏడ వెట్టినవ్?" "అన్నా, రెండు పాల పాకిట్లు." "మమ్మీ, నేనొచ్చిన, తలుపు తియ్." ఇవన్నీ వరసగా చెబుతుంటే వెస్లీ నవ్వాపుకోలేకపోయాడు.

"గివెందుకు రికార్డు?"

"రోజూ మాట్లాడేటివి గివే గద. పాటలు ఆదివారం ఒక్కనాడే."

అతని నవ్వు ఆగిపోయింది.

చివరగా జోలపాట. షారోన్ తల్లి బేబీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయా. యాభై ఏళ్ళొచ్చినా ఆమె పేరు బేబీయే. భర్త పోయాక, రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు పిల్లను పడుకోబెట్టడానికి తానే కట్టుకున్న పాట అది. "డ్యూటీకి పొయ్యొస్త గువ్వా, పొద్దుగాల ముద్దిస్త గువ్వా" అని సాగుతుంది. షారోన్ దాన్ని కళ్ళు మూసుకుని పాడింది. వెస్లీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆఖరి చరణం ముగిసిందో లేదో, కింద నుంచి భిక్షపతి కేక. "వెస్లీ! నల్లా వచ్చింది రా! మోటర్ ఎయ్యి, బిరాన!"

పాతబస్తీలో నల్లా నీళ్ళు ప్రేమికుల కోసం ఆగవు. రోజు విడిచి రోజు, వచ్చినప్పుడే పట్టుకోవాలి. "ఒక్క నిమిషం సిస్టర్," అని రికార్డింగ్ ఆపకుండానే వెస్లీ కిందికి ఉరికాడు.

తిరిగి వచ్చేసరికి షారోన్ లేచి నిలబడి ఉంది. ముఖం ఎర్రగా ఉంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది.

"అయిపోయింది బ్రదర్. నేను పోత."

"గప్పుడేనా? వినవా?"

"నువ్వు విను. మొత్తం విను. చివరిదాంక విను, మర్చిపోకు." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. "నువ్వే విను, సరేనా?"

"వింట సిస్టర్, ప్రామిస్."

మళ్ళీ మొదలైన వానలోనే, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

పాట అయిపోయాక మిగిలే దగ్గు, కుర్చీ కిర్రుమనడం, కాళ్ళ చప్పుడు, వీటన్నిటినీ వెస్లీ "తోక" అనేవాడు. పాట చేతికి రాగానే మొదట తోక కత్తిరించడం అతని అలవాటు. అలవాటైన చేతికి ఆలోచన అక్కర్లేదు. పాటనైతే మళ్ళీ మళ్ళీ విన్నాడు, విన్నప్పుడల్లా ఏడ్చాడు. పాట తర్వాత కంప్యూటర్ తెర మీద, శబ్దం గుర్తుగా సన్నటి గీత ఒకటి కనిపించింది. చీమల బారులాంటి గీత. తన కాళ్ళ చప్పుడో, మోటర్ మోతో అనుకున్నాడు. నడుమ పడ్డ తండ్రి కేకను తీసేసి, పాట చివర నెమ్మదిగా సద్దుమణిగేలా చేసి, మిగతాది కోసేశాడు. కంప్యూటర్‌లో జాగా లేదు, బోనాల పాటలు వరసలో ఉన్నాయి. కోసిన ముక్కలన్నీ ఊడ్చి పారేశాడు.

అయ్యో పిల్లవాడా! చెవులతో బతికేవాడివి, ఆ ఒక్కసారి కళ్ళను నమ్మావు.

ఆపరేషన్‌కు ముందు రోజు ఆసుపత్రి వరండాలో కలిశారు. షారోన్ ఆసుపత్రి గౌనులో ఉంది. బేబీ ఆంటీ మందుల కోసం వెళ్ళింది.

"విన్నవా?" అంది షారోన్. చూపు నేల మీద ఉంది.

"విన్న. మస్తొచ్చింది."

"చివరిదాంక?"

"చివరిదాంక." పాట గురించే అనుకున్నాడు మరి. అబద్ధమాడలేదు పాపం.

"మరి ఏమంటవ్?"

"ఏమంట? నాయిస్ సుక్క గూడ లేదు. సౌండ్ లెవెల్స్ సూపర్."

షారోన్ తలెత్తి అతన్ని చూసింది. "గంతేనా బ్రదర్?"

అతని గొంతు దాకా వచ్చింది మాట. కానీ రేపు కత్తి కిందికి వెళ్ళే పిల్ల మీద తన మనసు బరువు ఎందుకు పెట్టాలి? కోలుకున్నాక చెబుదాం అనుకున్నాడు. "గంతే," అన్నాడు.

"సరే," అంది షారోన్.

ఆ గొంతుతో అతను ఎదురుగా విన్న ఆఖరి మాట అదే.

ఆపరేషన్‌లో ప్రాణానికి ఏమీ కాలేదు. గడ్డ పూర్తిగా తీసేశారు, గొంతు మాత్రం దక్కలేదు. డాక్టర్ చెప్పినట్టే అయింది. మాట్లాడితే గాలి వస్తోంది, గాలి మధ్యలో చిన్న గరగర.

షారోన్ చర్చికి రావడం మానేసింది. వెస్లీ మెసేజ్ పెడితే చూసేది, జవాబిచ్చేది కాదు. రెండుసార్లు ఇంటికి వెళ్తే తలుపు వెనక నుంచి బేబీ ఆంటీ "పండుకుంది" అని చెప్పింది. గొంతు పోయిన బాధలో ఉంది, మనుషులను చూడలేకపోతోంది అనుకున్నాడు. బోనాలు వెళ్ళిపోయాయి. ధూల్‌పేట్ నుంచి గణపతులు లారీల మీద బయల్దేరాయి. కింద బ్యాండ్లు మోగుతుంటే, పైన అతను చెవుల్లో జోలపాట పెట్టుకుని కూర్చునేవాడు. రికార్డింగ్‌లో ఆమె అమ్మను పిలిచింది, పాలవాడిని పిలిచింది. తనను మాత్రం ఎక్కడా పిలవలేదు. వెతికి వెతికి విన్నాడు, ఒక్క "బ్రదర్" కూడా దొరకలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బేబీ ఆంటీ మెట్లెక్కి వచ్చింది. డ్యూటీ చీరలోనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క మాట అడుగుత బిడ్డా. ఇష్టం లేకుంటే లేదని చెప్పొచ్చు గద? నా బిడ్డను గిట్ల ఏడిపించుడెందుకు?"

"ఏంది ఆంటీ? ఏం ఇష్టం?"

"తెల్వనట్టు అడగకు. పాట అయిపోయినంక మైకుల తన మనసు చెప్పిందంట. గొంతు ఉన్నప్పుడే చెప్పాలని, మొకం మీద చెప్పేందుకు సిగ్గయి, నువ్వు నీళ్ళకు పోయిన టైముల చెప్పిందంట. నువ్వు మొత్తం విన్ననని, లెవెల్స్ సూపర్ అన్నవంట! గదేం జవాబు వెస్లీ? తిట్టినా గంత బాధ ఉండకపోవు."

వెస్లీ ఒక అడుగు వెనక్కి వేశాడు. గోడకున్న బొంత పట్టుకున్నాడు. "నేను వినలే ఆంటీ," అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. "నేను వినలే."

ఆమె వెళ్ళాక వెతికాడు. ఊడ్చి పారేసింది ఎక్కడుంటుంది? తెలిసిన స్నేహితులను అడిగాడు, డిస్క్‌ను తిరగేయించాడు. ఆ ముక్క ఉన్న చోట బోనాల పాటల డప్పులు ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి. మిగిలింది పాట ఒక్కటే. దాన్నే పెట్టి, చివరికి వచ్చాక వాల్యూమ్ మొత్తం పెంచి, కళ్ళు మూసుకుని విన్నాడు.

పాట ముగిసింది. మెట్ల మీద తన కాళ్ళు ఉరికిన చప్పుడు. దూరంగా నల్లా. షారోన్ ఒక ఊపిరి తీసుకుంది. తర్వాత, తాను సద్దుమణిగించిన చోట, మునిగిపోతూ మునిగిపోతూ ఒక్క అక్షరం.

"వె..."

అంతే. అక్కడ కత్తెర పడింది.

బ్రదర్ కాదు. పేరు. ఆ నల్ల డబ్బా గుసగుసను పట్టుకుని అతని చేతిలో పెట్టింది, అతనే పారేసుకున్నాడు. టేబుల్ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు వెస్లీ.

ఆ సాయంత్రమే డబ్బా, మైకు, రెండు హెడ్‌ఫోన్లు, లాప్‌టాప్ ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, వానలో సంతోష్‌నగర్ వెళ్ళాడు. ఈసారి తలుపు షారోనే తీసింది. మెడ చుట్టూ చున్నీ. చిక్కిపోయింది. గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు, తోక సంగతి, కత్తెర సంగతి, అన్నీ.

షారోన్ చప్పుడు లేకుండా నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది.

"డాక్టర్ ఒకటి కోసిండు," అంది గాలిలాంటి గొంతుతో. "మిగిలింది నువ్వు కోసినవ్."

"కోసిన షారోన్. నన్ను ఎన్ని తిట్టినా తక్కువే." సిస్టర్ అనలేదు. అనలేదన్న సంగతి అతనికీ తట్టలేదు. "ఆ దినం వరండాల నేను గూడ చెప్పాలనుకున్న. నువ్వంటే నాకు పానం. మైకు మొత్తుకున్న దినం నుంచి. ఇంకొక్కసారి చెప్పు, ఏం చెప్పినవో."

ఆమె తల అడ్డంగా ఊపింది. "గా గొంతుతోనే చెప్పాలనుకున్న. గది పోయింది. ఇప్పుడు గాలి తప్ప ఏమొస్తలేదు. ఎవరికి వినవడ్తది?"

"దీనికి వినవడ్తది," అన్నాడు వెస్లీ, కవర్ విప్పుతూ. "పౌడర్ వద్దన్నది నువ్వే గద? ఉన్నదున్నట్టు కావాలన్నవ్."

ఆమె వద్దనలేదు, పక్కకు జరిగి లోపలికి రానిచ్చింది. అతను వైర్లు తగిలించాడు. నాబ్‌ను ఎన్నడూ తిప్పనంత దూరం తిప్పాడు. రికార్డింగ్ మొదలుపెట్టి, ఒక హెడ్‌ఫోన్ ఆమెకిచ్చి, ఒకటి తాను పెట్టుకుని, ముందుగా జోలపాట చివరి భాగం వినిపించాడు.

"పొద్దుగాల ముద్దిస్త గువ్వా..."

తన పాత గొంతును ఆపరేషన్ తర్వాత షారోన్ వినడం అదే మొదటిసారి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పాట ముగిసింది, కాళ్ళ చప్పుడు వినబడింది, నల్లా వినబడింది, ఊపిరి వినబడింది.

"వె..." అంది పాత గొంతు, ఆగిపోయింది.

వంటింట్లో బేబీ ఆంటీ, కుక్కర్ ఎక్కడ కూత పెడుతుందోనని స్టవ్ ఆపేసి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

షారోన్ మైకుకు దగ్గరగా జరిగింది. పెదవులు రెండుసార్లు కదిలాయి, రాలేదు. మూడోసారి గాలిలోంచి, గరగరలోంచి, విరిగి విరిగి వచ్చింది.

"...స్లీ."

వెస్లీ కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకుంటే ఎక్కడ చప్పుడవుతుందోనని తుడుచుకోలేదు.

"ఇంక ఉన్నది," అంది ఆమె. "చివరిదాంక వింటవా?"

"వింట," అని, అతను కీబోర్డు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.